తోక ఊపే గడ్డిదుడ్డె

"సేపింది! ఓ గోదారీ, జల్ది రా! బర్రె పాలు సేపిందే!"

కొట్టంలోంచి అత్త వెంకటవ్వ కేక వినపడగానే గోదావరి సగం అల్లిన జడతోనే పరుగెత్తింది. రిబ్బను ఇంకా పళ్ల మధ్యే ఉంది, దువ్వెన ఎక్కడ పారేసిందో ఆమెకే తెలియదు. పెళ్లయి ఇంకా పసుపు వాసన పోని కోడలు వాకిట్లో అట్లా ఉరకకూడదని మామూలు రోజైతే ఎవరో ఒకరు అనేవారే. ఆ పూట ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో అంతకన్నా మంచి కబురు లేదు మరి.

కొట్టంలో సుక్కి నిలబడి ఉంది. నుదుట తెల్లమచ్చ ఉన్నందుకు బర్రెకు ఆ పేరు పెట్టారు. దుడ్డె చచ్చిన నాటి నుంచి పాలు పైకి ఎగబట్టి, పొదుగు మీద చెయ్యి వేస్తే పాల సర్వ గోడకు తగిలేలా తన్నిన బర్రె. ఇప్పుడు మెడ వంచి, కళ్లు సగం మూసి, ముందు నిలబడ్డ దుడ్డెను నాకుతోంది. పాలు దిగి రొమ్ములు బిగువుగా మెరుస్తున్నాయి. వెంకటవ్వ రెండు చేతులా పిండుతుంటే సర్వలో నురుగు పైకి లేస్తోంది.

నాకుతున్నది నిజం దుడ్డె కాదు. చచ్చిన దుడ్డె తోలు. లోపల వరిగడ్డి, వేపకర్రలు, కాస్త ఇనుప తీగ. చేసింది గోదావరి.

"తోక సూడే, తోక!" అంది వెంకటవ్వ గుసగుసగా.

సుక్కి నాలుక వీపు మీద పడినప్పుడల్లా గడ్డిదుడ్డె తోక టపటపా ఊగుతోంది. పాలు తాగే దుడ్డె సంతోషం పట్టలేక ఊపినట్టే. గోదావరి చప్పట్లు కొట్టబోయి, బర్రె బెదురుతుందేమోనని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వూ ఆగలేదు.

దుడ్డె చచ్చిన బర్రె ముందు గడ్డి కూరిన తోలు పెట్టి పాలు పిండటం బోధన్, కోటగిరి దిక్కు కొత్తేమీ కాదు. కాకపోతే అవి దుడ్డెల్లా ఉండవు. పరుపు మూటకు నాలుగు కాళ్లు మొలిచినట్టుంటాయి. తల్లి వాసన పట్టి నమ్మితే నమ్మినట్టు, లేకపోతే లేదు. పక్కింటి ఈరవ్వ బర్రె పోయినేడు అలాంటి మూటను కొమ్ములతో ఎత్తి పెంటకుప్ప మీద వేసింది.

గోదావరిది నిజామాబాద్. బీఎస్సీ చదివేటప్పుడు జువాలజీ ల్యాబులో రామ్‌దాస్ సారు దగ్గర తోలు నింపే పని నేర్చుకుంది. ల్యాబులో పిల్లలంతా ముక్కు మూసుకుని బయటికి పోతే ఆమె ఒక్కతే బల్లకు అతుక్కుపోయేది. "మూట కడితే మూటే అయితదమ్మా" అనేవాడు సారు. "బతికున్నప్పుడు అది బరువు ఏ కాలి మీద ఏసేదో అది సూడు ముందు." ఆయనకు ఒక పట్టుదల ఉండేది. తనంతట తాను చచ్చిన జీవాన్నే బల్ల మీదికి రానిచ్చేవాడు. గులేరుతో పిట్టను కొట్టి తెచ్చిన పిల్లవాడిని ఏడాదంతా ల్యాబులో అడుగు పెట్టనివ్వలేదు. కరెంటు తీగ తగిలి పడిన లకుముకి పిట్ట ఒకటి గోదావరి చేతిలో మళ్లీ కొమ్మ మీద కూర్చుంది. ఆ పిట్టను పెళ్లిలో పట్టుచీరెల మధ్య పెట్టెలో పెట్టుకుని తెచ్చుకుంటే ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు. "వచ్చిన పిల్ల వడిబియ్యంతోని రాకుండ పిట్టతోని వచ్చింది!"

అందుకే సుక్కి ఈనిన దుడ్డె పొట్ట ఉబ్బి చచ్చిపోయినప్పుడు, తోలు తీయడానికి పోశయ్యను పిలిచిన వెంకటవ్వతో గోదావరి అంది, "అత్తమ్మా, గడ్డి నేను నింపుత."

"కాళ్ల పారాణి ఆరలే, చేతికి తోలేందే పిల్లా? మీ అవ్వగారింటోళ్లు ఇంటే నన్ను తిడ్తరు."

"చదివించినోళ్లే వాళ్లు. ఎందుకు తిడ్తరు?"

ఆ మాటకు ఆత్మారాం పెద్దగా నవ్వేశాడు. గోదావరి మొగుడు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఫీల్డ్‌మన్. పొద్దంతా లూనా మీద చెరుకు తోటల వెంట తిరిగి, ఒళ్లంతా ఆకు దుమ్ముతో ఇంటికి వస్తాడు. మొగుడు నవ్వితే పని అయిపోయినట్టేనని గోదావరికి అప్పటికే తెలిసింది.

ఎంత ముచ్చటగా చేసిందో ఆ పని! పోశయ్య తోలు తీస్తుంటే పక్కన కూర్చుని, "జల్ది తియ్యన్నా, ఆలస్యమైతే వెంట్రుక ఊడుతది. తోలు తాజాగుంటేనే పని మంచిగైతది" అని ల్యాబులో సారు చెప్పినట్టు చెప్పింది. లోపలి పొరంతా గీకి, ఉప్పు, పటిక నూరి పూసింది. కాలేజీలో పూసే మందులో విషం ఉంటుంది. నాకే తల్లికి అది పనికిరాదని పసుపు, వేపాకుతో సరిపెట్టింది. ఈరవ్వ ఇంటికి పోయి, వాళ్ల కొట్టంలో పాలు తాగుతున్న దుడ్డెను గోడకు ఆనుకుని చూసింది. ముందుకాళ్లు కొంచెం వంగుతాయి. వెనక్కాళ్లు ఎడంగా పడతాయి. మెడ సాగి, పక్కకు తిరుగుతుంది. తోక ఒక్కచోట నిలవదు. కర్రలతో అదే తీరు కట్టింది. గోనెసంచులు కుట్టే దబ్బనంతో పొట్ట కుట్టుతుంటే ఆత్మారాం కాళ్లు పట్టుకున్నాడు.

"మన పెండ్లి ఫోటోల గూడ నువ్వు గింత నవ్వలే" అన్నాడు.

"మీరు గింత కదలకుండ గూసోలే మరి."

తోక మొదట్లో పాత టార్చిలైటు స్ప్రింగు పెట్టాలన్న ఆలోచన ఆమెదే. అది కుదిరిన సాయంత్రం ఇద్దరూ చిన్నపిల్లల్లా దాన్ని మీటి మీటి నవ్వుకున్నారు.

బర్రె సేపిన ఆ పొద్దున వెంకటవ్వ కొత్త పాలతో చాయ్ పెట్టి, మొదటి గ్లాసు కోడలికిచ్చింది. మీగడ తేలే చాయ్. గోదావరి కొట్టం అరుగు మీద కూర్చుని ఊదుకుంటూ తాగింది. ఫ్యాక్టరీ దిక్కు నుంచి గాలి వీస్తే బెల్లం కాగే వాసన, దగ్గరగా పేడ వాసన, గ్లాసులో యాలకుల వాసన. అన్నీ ఒక్కసారే ముక్కుకు తగిలితే ఎంత హాయిగా అనిపించిందో. ఈరవ్వ వచ్చింది, ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. "పీనుగకు పానం పోసిందమ్మా నీ కోడలు" అన్నారు. వెంకటవ్వ వద్దంటున్నట్టు చెయ్యి ఊపుతూనే ఉప్పు, మిరపకాయలు తీసి దిష్టి తీసింది.

పాలు పిండటం అయ్యాక వెంకటవ్వ గడ్డిదుడ్డెను ఎత్తుకుపోయి, బర్రె నాకి నాకి చింపకుండా గడ్డివాము గదిలో చిలక్కొయ్యకు తగిలించింది. అప్పుడు గోదావరి సుక్కిని చూసింది.

సుక్కి తల ఆ గది దిక్కే తిప్పి ఉంది. ముందు పోసిన తవుడు ముట్టలేదు. కాసేపు చెవులు నిక్కించి చూసి, గొంతులోనే చిన్నగా ఒక సద్దు చేసింది. అరుపు కాదు, పిలుపు. ఆగి విన్నది. మళ్లీ పిలిచింది. తర్వాత రెండడుగులు పక్కకు జరిగి, దుడ్డె పండుకోవడానికి చోటిచ్చినట్టు గోడవార గడ్డి వదిలి నిలబడింది.

గోదావరి చేతిలో చాయ్ చల్లారింది.

ఆ రాత్రి బువ్వ తినేటప్పుడు ఆత్మారాంను అడిగింది. "మోసం గాదా?"

"ఏంది?"

"సుక్కిని."

ఆత్మారాం ముద్ద ఆపి ఆలోచించాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "మోసమే. అయితె, పాలు పిండకుంటె పొదుగు వాసి జరమొస్తది. అప్పుడు ఇంకా తిప్పల." ముద్ద కలుపుతూ, "నువ్వు దాని తిప్పల తప్పించినవు అనుకో" అన్నాడు.

అట్లాగే అనుకుంది గోదావరి. రోజూ పొద్దునా సాయంత్రం అట్లాగే అనుకునేది. అనుకున్నంతసేపు బాగానే ఉండేది.

ఆదివారం తుకారాం వచ్చాడు.

తుకారాం వెంకటవ్వకు అన్న. బోధన్‌లో కొట్టం నిండా బర్రెలున్నాయి. పాలు నిజామాబాద్ హోటళ్లకు పోతాయి. ఆత్మారాం తండ్రి పోయాక ఈ ఇంటిని నిలబెట్టింది ఆయనే. ఫ్యాక్టరీలో పెద్దమనుషులను అడిగి మేనల్లుడికి నౌకరి ఇప్పించిందీ ఆయనే. మనిషి లావు, గొంతు ఇంకా లావు. స్కూటర్ దిగుతూనే జిలేబీ పొట్లం గోదావరి చేతిలో పెట్టాడు.

"యాడుందే బిడ్డా, నీ దుడ్డె? బోధన్ల చాయ్ తాగనిస్తలేరు నన్ను. మీ కోడలు పిల్ల ఏందో చేసిందట గదా, ఏందో చేసిందట గదా అని ఒక్కతీరు సతాయిస్తుండ్రు."

గోదావరికి కాలు నిలవలేదు. చిలక్కొయ్య మీది నుంచి దించి వాకిట్లో నిలబెట్టింది. తుకారాం చుట్టూ తిరిగాడు. వంగి మెడ చూశాడు, మోకాళ్లు చూశాడు, ఒక వేలితో తోక మీటాడు. అది ఊగేసరికి దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"అరె వా! దీన్ని నిజామాబాద్ బస్సెక్కిస్తే కండక్టర్ హాఫ్ టికెట్ కొడ్తడు!"

"మీ అల్లునికి ఫుల్ టికెట్ కొడ్తడా అని నాకు అనుమానం, పెద్దబాపు."

"ఇగో, సూసినవారా ఆత్మారాం! నా బిడ్డ నీకన్న హుషారున్నది." నవ్వి, అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. "బిడ్డా, పెండ్లినాడు బంతిల గూసోని నన్నొక మాటన్నవు, యాదికున్నదా? బర్రెలకు సూదులు పొడిసి పాలు గుంజుడు పాపం అన్నవు. కొత్త పెండ్లిపిల్లవు, అందరు సూస్తుండ్రు, నాకు ముద్ద దిగలే."

"అయ్యో, పెద్దబాపు, నేనేదో..."

"నువ్వన్నది నిజమేనే. డాక్టర్ గూడ తిట్టిండు. సూదులతోని బర్రెలు ఖరాబైతున్నయి, జల్ది ఒట్టిపోతున్నయి. ఇగ బంద్. సూది ముట్ట. నాకొక గడ్డిదుడ్డె చేసియ్యి."

గోదావరి మొహం ఎట్లా వెలిగిందో! "చేస్త పెద్దబాపు! ఇంతకన్న మంచిగ చేస్త. దీనికి చెవులు సరిగ రాలే, ఈసారి లోపల అట్ట పెడ్త. దుడ్డె ఎప్పుడు సచ్చింది? తోలుకు ఉప్పు పెట్టిండ్రా?"

తుకారాం జిలేబీ ముక్క విరుచుకున్నాడు. "ఇంక సావలే."

"బీమారా?"

"బీమారేం లేదు. మంచిగ ఉరుకుతాంది. పోతుదుడ్డె."

గోదావరికి అర్థం కాలేదు. అత్త దిక్కు చూసింది. వెంకటవ్వ జిలేబీ పొట్లానికి చీమలు పట్టకుండా పళ్లెం కింద నీళ్లు పోస్తోంది.

"ట్రాక్టర్లొచ్చినంక పోతు ఎవనికి గావాలె బిడ్డా?" అన్నాడు తుకారాం. ఆ గొంతులో క్రూరత్వమేమీ లేదు. పిల్లకు లెక్క నేర్పినట్టు చెబుతున్నాడు. "పెయ్య అయితె పెంచుతం, రేపు బర్రె అయితది. పోతు సగం పాలు తాగుతది, ఇంకేం చెయ్యది. తల్లి సేపాలె అంటె దుడ్డె ఉండాలె, గందుకే ఇన్ని దినాలు పెట్టుకునుడు. పాలు తాగని దుడ్డె ఒకటి దొరికితె, తాగేదాన్ని ఎందుకు పెట్టుకుంట?"

"మరి దాన్నేం చేస్తరు?"

"అయ్యో, మేమేం కత్తి పెట్టం. రామ రామ. తల్లి కాడికెల్లి ఇడదీసి కట్టేస్తం. పాలు బంద్. అదే పోతది. అందరి కొట్టంల అయ్యేదే." నోట్లో జిలేబీ నములుతూ చెయ్యి ఊపాడు. "అయితె నువ్వు పోశయ్యతోని అన్నవట గదా, తోలు తాజాగుంటెనే పని మంచిగైతదని? ఆకలికి ఎండి సస్తె తోలు ముడతలు పడ్తది, వెంట్రుక ఊడుతది. గందుకే నేనొకటి సోంచాయించిన. పానంతోనే ఈడికి తెస్త. పోశయ్య ఉండనే ఉన్నడు. నిమిషం పని. దానికి గూడ దినాల తరబడి తిప్పలుండది. ఒక తీర్గ సూస్తె పుణ్యమే."

గోదావరి గడ్డిదుడ్డె మెడ మీద చెయ్యి వేసింది.

"పెద్దబాపు, నేను సచ్చినదాన్నే చేస్త."

"నీ చేతికొచ్చేటాలకు సచ్చే ఉంటది గదనే."

"గట్ల గాదు. నాకోసం సంపిన దాన్ని నేను ముట్ట."

ఆ వాకిట్లో కొత్త కోడలు ఇంటి పెద్ద మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. వెంకటవ్వ చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది. తుకారాంకు కోపం వస్తే బాగుండేది. అరిస్తే ఏడవొచ్చు, అలగొచ్చు. ఆయన జాలిగా చూశాడు.

"నీకోసం ఎవలు సంపుతుండ్రు బిడ్డా? నువ్వు చెయ్యనంటె పోశయ్యతోని కూరిపిస్త, ఎట్లొస్తె గట్ల. దుడ్డె మాత్రం ఉండది. అది పుట్టిననాడే తేలిపోయింది. నువ్వు జేస్తె తల్లికి ఎడబాటు ఉండదు, మంచిగ నమ్ముతది. నువ్వు చెయ్యకుంటె మూటను సూసి మొత్తుకుంటది, నేను మళ్ల సూది పట్టాలె. నువ్వే జెప్పు మరి, ఏది పాపం?"

ల్యాబులో చచ్చిన జీవి చచ్చినట్టే వచ్చేది. అది ఎందుకు చచ్చిందో సారే ముందు అడిగేవాడు, బల్ల దగ్గర గోదావరి అడగాల్సిన పని పడలేదు.

"రేపు మేత తెచ్చే ఆటో ఇటే వస్తది. దాంట్ల పంపుత" అని చెల్లెలితో చెప్పి, తుకారాం లేచాడు. పోతూ పోతూ గోదావరి తల మీద చెయ్యి పెట్టాడు. "పావురం గుండె నా బిడ్డది" అన్నాడు. నిజంగానే ప్రేమతో అన్నాడు.

స్కూటర్ మలుపు తిరిగిందో లేదో గోదావరి అత్త వెంట పడింది.

"అత్తమ్మా, గా దుడ్డెను మనమే పెట్టుకుందాం. సుక్కికి తాపుదాం. బంగారం లెక్క పెంచుత."

వెంకటవ్వ చెడ్డ మనిషి కాదు. సుక్కి దుడ్డె చచ్చిననాడు దాని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చిన మనిషే. "కొత్త దుడ్డెను సుక్కి రానియ్యది పిల్లా. వాసన పట్టి కుమ్ముతది."

"రానిస్తది! ఈ గడ్డిదుడ్డె కుట్లు ఇప్పి, తోలు తీసి, గా దుడ్డె వీపు మీద కప్పుదాం. తన దుడ్డె వాసనే వస్తది. కొన్నొద్దులు గట్ల పెడితె అలవాటైతది. గొర్లకు గట్ల చేస్తరని నేను సదివిన."

"ఇప్పుతవా?" వెంకటవ్వ నిర్ఘాంతపోయి కోడలిని చూసింది. "ఊరంత వచ్చి సూసిపోయిన దాన్ని ఇప్పుతవా? ఇప్పి?"

"ఇప్పుత. ఎంతసేపు?"

"ఇప్పినంక పాలెవలు తాగుతరే? గా పోతు తాగుతది. ఈ గడ్డిదుడ్డె తాగుతదా? సుక్క తాగది, గడ్డి మెయ్యది, ఒక్కనాడు బీమారు పడది. దీన్ని ఇడిసి దాన్ని ఎవలన్న కట్టేసుకుంటరా?" అని, కోడలి మొహం చూసి మెత్తబడింది. "నేనేమన్న కాదంటున్ననా బిడ్డా? మనది గాని దుడ్డె అది. మా అన్నది. ఆయన మాటను నేనెట్ల తీసేస్త? ఈ ఇంట్ల ఉప్పు ఆయన పెట్టిందే."

గోదావరి గడ్డిదుడ్డె పక్కన కూలబడింది. ఇంతవరకు దాన్ని చూసినప్పుడల్లా కుట్లు ఎక్కడ కనపడుతున్నాయో, చెవి ఎక్కడ వంగిందో చూసేది. ఇప్పుడు దాంట్లో తప్పేమీ కనపడలేదు. ఎటు నుంచి చూసినా దుడ్డే. మూటలా చేసి ఉంటే, ఈరవ్వ బర్రె విసిరేసిన దానిలా ఉంటే, తుకారాం స్కూటర్ ఎక్కి ఇంత దూరం వచ్చేవాడు కాదు.

పొద్దు వాలే వేళ ఆత్మారాంతో చెప్పుకుంది. లూనా తుడుస్తూ విన్నాడు. గుడ్డ పిండి, మళ్లీ తుడిచిన చోటే తుడిచాడు.

"మామతోని నేను మాట్లాడుత" అన్నాడు చివరికి. అని నిలబడ్డాడు గాని కదలలేదు. "మాట్లాడి ఏమనాలె గోదారీ? ఆయన కొట్టం, ఆయన దుడ్డె. నా నౌకరి గూడ ఆయన ఇప్పిచ్చిందే."

"మీరు గట్లంటె నేనెవరికి చెప్పుకోవాలె?"

అతను తల ఎత్తలేదు. "నీకు చెప్పొద్దనుకున్న. నిన్న తూకం కాడ కోటగిరాయన ఒగడు నన్ను ఆపిండు. మీ ఇంటామె దుడ్డెలు చేస్తదట గదా, తోక ఊపేటియి అని. ఆయన దుడ్డె ఏమన్న సచ్చిందా అని నేను అడగలే. అడిగితె ఏం జెప్తడో అని అడగలే."

గోదావరి లోపలికి పోయి కత్తెర తెచ్చింది. మొగుడు చూస్తుండగానే గడ్డిదుడ్డెను పక్కకు పడుకోబెట్టి పొట్ట కింది మొదటి కుట్టు వెతికింది. ఆత్మారాం ఆపలేదు. ఆపితే ఏడ్చేదే.

అప్పుడే సుక్కి అరిచింది.

పాలు పిండే వేళ అయింది. కట్టుతాడు లాగి, తల గది దిక్కు తిప్పి పిలుస్తోంది. నిండిన పొదుగు బరువుకు వెనక్కాళ్లు ఎడం చేసి, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. ఒకసారి పిలిచి ఆగింది. చెవులు ముందుకు పెట్టి విన్నది. మళ్లీ పిలిచింది.

కుట్టు కింద కత్తెర మొన అట్లాగే ఉంది. తెంపితే ఏమవుతుందో గోదావరికి తెలుసు. బర్రె పాలు పైకి ఎగబట్టుకుంటుంది. పొదుగు వాస్తుంది. వెంకటవ్వ పోశయ్యను పిలిచి ఎట్లాగో మళ్లీ కుట్టిస్తుంది. బోధన్‌లో ఆ దుడ్డె మాత్రం ఇంకో ఆటోలో, ఇంకో ఊరికి పోతుంది, లేదా ఎక్కడికీ పోకుండా గోడవార కట్టుతాడుకే పాలు లేక ఎండిపోతుంది.

సుక్కి మూడోసారి పిలిచింది. ఈసారి గొంతు విరిగినట్టుగా.

"వస్తున్ననే, వస్తున్న" అంది గోదావరి. కత్తెర కింద పెట్టి, గడ్డిదుడ్డెను చంటిపిల్లలా రెండు చేతులా ఎత్తుకుంది. బరువే ఉండదు దానికి. కొట్టంలోకి తీసుకుపోయి సుక్కి ముందు నిలబెట్టింది. సుక్కి మూతి పెట్టి వాసన చూసి, ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలింది. వేడి గాలి గోదావరి మోచేతులకు తగిలింది. నాకడం మొదలుపెట్టింది. వెంకటవ్వ సర్వ పట్టుకుని వచ్చి, పొదుగు దగ్గర కూర్చుంది. పాలు వచ్చాయి. తోక ఊగింది.

గోదావరి ఆ ఊగే తోకను చేత్తో పట్టుకుని ఆపింది. వదిలితే మళ్లీ ఊగింది.

పిండటం అయ్యాక వెంకటవ్వ కొట్టం గోడ మీది నుంచి అవతలి వాడకట్టుకు వినపడేలా పిలిచింది. "ఓ పోశన్నా! రేపు పొద్దుగాల ఇంట్లనే ఉంటవా? మా అన్న ఆటో పంపుతడు. కత్తి నూరి పెట్టుకో. ఆటో రాంగనే పిలుస్త."

"ఉంట ఎంకవ్వా!" అన్న జవాబు వచ్చింది.

"అత్తమ్మా." గోదావరి గొంతు తనకే వినపడనంత చిన్నగా ఉంది. "ఆటో రాంగనే వద్దు."

"మళ్లేందే?"

"దుడ్డె దూరం నుంచి వస్తది. ఆకలైతది. రేపు సుక్కికి రెండు రొమ్ములు ఇడిసిపెట్టి పిండున్రి. సుక్కి రానియ్యకుంటె ఆ పాలు పిండి నేను సీసతోని తాపుత. అది తాగినంక, కొంచెంసేపు పండుకున్నంకనే పోశయ్యను పిలుద్దాం."

వెంకటవ్వ ఆమె మొహంలోకి చూసింది. "ఒక్క పూట పాలకు ఏమైతది బిడ్డా?"

"ఏం గాదు" అంది గోదావరి. "తాగనియ్యున్రి."

వెంకటవ్వ సర్వ చంకన పెట్టుకుని మళ్లీ గోడ దగ్గరికి నడిచింది.

"పోశన్నా! రేపు పొద్దుగాల గాదు. దుడ్డె వచ్చి, పాలు తాగి, పండుకున్నంక పిలుస్త. పొద్దెక్కినంకనే రా!"